బీప్ అక్క విన్న పెట్టె చప్పుడు

చెప్పుల దుకాణం పైన, మొదటి అంతస్తులో, ముక్కు చెవి గొంతు డాక్టరుగారి క్లినిక్ ఉంది. అందులో మూలగదిలో పదహారేళ్ళుగా జనం చెవులు పరీక్షిస్తున్న ఆవిడని అందరూ బీప్ అక్క అంటారు. బీప్‌మనేది యంత్రం, పేరొచ్చింది మాత్రం ఈవిడకి. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉంటే ఉండొచ్చు, ఎవరి నోటా లేదు. ఆవిడకి ఇందులో కోపమేమీ లేదు. "ఇంకా నయం, ఇదే క్లినిక్‌లో ముక్కుల పని చేసుంటే తుమ్ము అక్క అనేవాళ్ళు" అని నవ్వేసేది.

ఆ మూలగదిలో ఇంకో చిన్న గది ఉంటుంది. బీరువా కన్నా కాస్త పెద్దది. గోడలకి నల్ల స్పాంజి, ఒక కుర్చీ, ఓ గాజు కిటికీ. తలుపు మూశారంటే కింద రోడ్డు మీద లారీ హారన్ కొట్టినా లోపలికి రాదు. వచ్చినవాళ్ళు అందులో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంటారు, చేతిలో ఒక బటన్ పట్టుకుంటారు. బయట యంత్రం ముందు కూర్చున్న అక్క సన్నగా ఒక కూత పంపుతుంది. వినపడితే బటన్ నొక్కాలి. నొక్కితే అక్క ఎదురుగా చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. అక్క గళ్ళ కాగితం మీద గుర్తు పెడుతుంది: కుడిచెవికి ఎర్ర సున్నా, ఎడమచెవికి నీలం ఇంటూ. ఎంత గట్టిగా పంపినా దీపం వెలగకపోతే కిందికి ఒక బాణం.

వినడానికి ఇంతే. కానీ పని తెలిసినవాళ్ళకి మాత్రమే తెలిసిన కిటుకు ఒకటుంది. కూతలు సమానమైన వ్యవధిలో పంపకూడదు. అలా పంపితే లోపలి మనిషి లెక్కపెట్టేసుకుని, వినపడినా వినపడకపోయినా తాళం వేసినట్టు నొక్కేస్తాడు. అందుకని ఒకటి వెంటనే, ఇంకొకటి కాసేపాగి, మరొకటి చాలాసేపటికి పంపాలి. ఎప్పుడొస్తుందో తెలియకపోతే మనిషి ముందుకి వంగుతాడు, ఊపిరి బిగబడతాడు, బటన్ మీద నుంచి వేలు తియ్యడు. కొందరైతే ఆ ఎదురుచూపులో ఏమీ పంపకుండానే నొక్కేస్తారు. అలాంటివాళ్ళకి అక్క తలుపు తీసి మెల్లిగా చెప్పేది. "ఆశపడి నొక్కకండి. వినపడితేనే నొక్కండి." ఈ ముక్క పదహారేళ్ళలో ఎన్ని వేలసార్లు అనుంటుందో!

ఇక ఇంటి సంగతి. అక్క భర్త టైర్ల షాపులో చక్రాలు సరిచేసే మనిషి. వెయ్యి కిలోల బండి చక్రం వెంట్రుకవాసి పక్కకి తిరిగినా పట్టుకోగలడు. అంతటివాడు తన చేతిని మాత్రం పట్టుకోలేకపోయాడు. పేకాట. మొదట ఎవరిదో షాపు వెనక గదిలో, తర్వాత ఫోన్లో. స్కూటరు పోయింది, అక్క కుట్టుమిషను పోయింది, చివరికి చెవులకున్న కమ్మలూ పోయాయి. చెవుల పని చేసే మనిషి బోసి చెవులతో క్లినిక్‌కి వెళ్తుంటే చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో చూడండి! మూడేళ్ళ కిందట, ఎవరు ఏ బుద్ధి చెప్పారో గానీ, కౌన్సెలింగ్ ఆవిడ దగ్గరికి తనంతట తనే వెళ్ళాడు. పెద్దఫోను పారేసి బటన్ ఫోను జేబులో వేసుకున్నాడు. మానేశాడు.

అక్క మాత్రం మానలేదు. కాపలా కాయడం మానలేదు. పేకాట రోజుల్లో మొగుడికి ఒక అలవాటుండేది. ముక్క తిప్పేముందు ఊపిరి బిగబట్టేవాడు. పక్కగదిలో ఉన్నా ఆ ఊపిరి ఆగిపోవడం అక్కకి వినపడేది. మూడేళ్ళుగా ఇంట్లో ఎక్కడ నిశ్శబ్దం పడినా అక్క గుండె దడదడలాడేది.

రెండు నెలల కిందట షాపు ఓనరు, కస్టమర్లకి బండి ఫోటోలు పంపాలని, ఆయనకి ఒక పెద్దఫోను ఇచ్చాడు. వారం తిరక్కుండా అందులో చేపల ఆట వచ్చి కూర్చుంది. వల విసరాలి. వలలో ఒక చెక్కపెట్టె వస్తుంది. వేలితో తాకితే టక్, టక్, టక్ అని మూడుసార్లు ఊగుతుంది. కిర్రుమని మూత లేస్తుంది. లోపల చినిగిన చెప్పో, తాడుముక్కో. ఎప్పుడో ఒకసారి గల్లుమని బంగారు చేప. పందెం లేదు, ఎదుటివాడు లేడు, పైసా అక్కర్లేదు.

"ఆడుకోనీ తల్లీ" అంది అత్తగారు. "పేకాట కంటే నయం కదా. చిన్నపిల్లల ఆట."

"అదే నా భయం అత్తయ్యా. చిన్నపిల్లల ఆట అయితే ఊపిరి ఎందుకు బిగబడుతున్నారు ఈయన?"

"నీకు మరీ అనుమానం! వాడు ఊపిరి పీల్చినా తప్పే, పీల్చకపోయినా తప్పే."

అక్క కౌన్సెలింగ్ ఆవిడకి ఫోను చేసింది. ఆవిడ తొణక్కుండా చెప్పింది. "కొందరు ఒకటి మాని ఇంకోదానిలో పడతారు. కొందరికి ఆటే మళ్ళీ పందేలకి దారి చూపిస్తుంది. కొందరు నాలుగు రోజులు ఆడి వదిలేస్తారు. ఈయన ఏ కోవలోకి వస్తారో నేను చెప్పలేను. ఆయన్నే అడగండి." ఎంత మంచి మాట! విన్నదా? వినలేదు. అడిగితే అబద్ధమే వస్తుందని అక్క తీర్మానించుకుంది. పాతరోజుల్లో అలాగే వచ్చేది మరి.

అడక్కుండా తను చేసిన పని చూడండి. ఆ ఆట తన ఫోన్లోకే దించుకుంది. క్లినిక్‌లో పేషెంట్లు లేని వేళ ఫోనుకి మంచి హెడ్‌ఫోన్లు తగిలించి, చెడిపోయిన గళ్ళ కాగితాల వెనక రాసుకోవడం మొదలుపెట్టింది: ఏ పెట్టె ఎన్నింటికి తెరిచింది, ఎన్నో పెట్టెలో చేప వచ్చింది. నాలుగో పెట్టె. తొమ్మిది. పదకొండు. తర్వాత ఏకంగా ముప్ఫై. ఆ వెంటనే ముప్ఫై ఒకటి. కాగితం సగం నిండేసరికి అక్క ఒళ్ళు జలదరించింది. ఇది తన చెయ్యే! ఒకటి వెంటనే, ఒకటి కాసేపాగి, ఒకటి చాలాసేపటికి. తను లోపలి గదిలో మనుషుల్ని ముందుకి వంగబెట్టే పద్ధతే ఇది, అచ్చం అదే. ఉన్న తేడా అల్లా, తన పరీక్ష ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, తలుపు తీసి ఇంటికి పంపుతుంది. ఈ ఆటకి తలుపు తీసేవాళ్ళు లేరు.

అంతా తెలిసిపోయింది కదా, అక్కడితో ఆపొచ్చు కదా! కాగితం సగమే నిండింది అనుకుంది అక్క. సగం కాగితం చూపిస్తే మొగుడు నమ్మడు అనుకుంది. మర్నాడు నిండింది. ఇంకో కాగితం అందుకుంది. కిటుకు తెలిసినవాళ్ళని కిటుకు ఏమీ చెయ్యదని ఆవిడ గట్టి నమ్మకం. కూతలు పంపేది నేను, నొక్కేవాళ్ళు వేరే అనుకుంది. మూడోవారంలో ఆట, పెట్టెలు తెరిచే తాళాలు అమ్ముతానంది. తాళముంటే చేప తొందరగా వస్తుందట. కూరగాయలకి పెట్టుకున్న డబ్బులోంచి రెండుసార్లు కొంది. అదీ పరీక్ష కోసమేనని తనకి తనే చెప్పుకుంది.

ఇక ఇంటికెళ్తే మొగుడి గురించి అదే పాత భయం. భర్త సాయంత్రం పని నుంచి వచ్చి, టీ తాగి, వెనక బాల్కనీలో కూర్చుంటాడు. తలుపు దగ్గరగా వేసుంటుంది. అక్క వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుంటే టక్, టక్, టక్. కిర్రు. చెయ్యి ఆగిపోయేది. ఇదివరకు బల్ల మీద పడేసే ఫోను ఇప్పుడు జేబులోంచి బయటికి తియ్యడం లేదాయన. దాస్తున్నాడు! మళ్ళీ మొదలైంది! మళ్ళీ చెవులు బోసిపోతాయి, మళ్ళీ అప్పులవాళ్ళు తలుపు కొడతారు. కన్నీళ్ళు ఉల్లిపాయల మీద నెట్టేసేది.

ఆ గురువారం క్రేన్ డ్రైవరు వచ్చాడు. గోదాములో క్రేన్ తోలే మనిషి, ఏడాదికోసారి చెవుల కాగితం తీసుకెళ్ళాలి. కింద సైగలు చేసేవాడు ఈల వేస్తే పైన ఇతనికి వినపడాలి, లేకపోతే వేలాడే ఇనుము ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు. తలుపంత మనిషి. ఆ చిన్న గదిలో పట్టడానికి పక్కకి తిరిగి దూరాలి.

"అక్కా, మా ఆవిడ చెప్పే పనులు తప్ప నాకన్నీ వినపడతాయి. ఆ ఒక్కటీ కాగితంలో రాయకండి" అన్నాడు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటూ.

అక్క నవ్వి తలుపు వేసింది. కుడిచెవి సగం అయింది. ఫోను బల్ల కింద ఒళ్ళో ఉంది. అందులో పెట్టె ఒకటి, కొన్న తాళంతో తిప్పినది, ఇప్పుడో ఇంకాసేపటికో తెరుచుకోబోతోంది. కూత పంపింది, ఒళ్ళోకి చూసింది. టక్. పైకి చూస్తే దీపం లేదు. బాణం వేసింది. ఇంకో కూత పంపింది. టక్. దీపం లేదు. బాణం. ఎడమచెవి. ఈల లాంటి సన్నటి కూతలన్నింటికీ బాణాలే. వయసు మీద పడుతోంది పాపం, గోదాముల్లో గోల ఎక్కువ అనుకుంది కూడా. పెట్టెలో తాడుముక్క వచ్చింది. టైము రాసుకుని ఇంకో పెట్టె తాకింది, ఆ తర్వాత ఇంకోటి.

బయటికొచ్చి క్రేన్ డ్రైవరు అన్నాడు. "బాగా వినపడ్డాయక్కా. అన్నింటికీ నొక్కాను."

"అందరికీ అలాగే అనిపిస్తుందండీ" అంది అక్క.

డాక్టరుగారు కాగితం చూసి, మళ్ళీ పరీక్షించకుండానే సంతకం పెట్టారు. పదహారేళ్ళలో బీప్ అక్క గీసిన గీత తప్పింది లేదు మరి. క్రేన్ ఎక్కకూడదని రాశారు.

శనివారం పదింటికి ఆ తలుపంత మనిషి క్లినిక్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రాలేదు. అక్కే వెళ్ళి పలకరించింది.

"దింపేశారక్కా. గేటు దగ్గర కుర్చీ వేశారు. అదేం పెద్ద బాధ కాదు. కానీ..." అని ఆగాడు. "సైగలవాడు ఈల వేస్తుంటే నాకు వినపడుతూనే ఉంది. కాగితమేమో వినపడదంటోంది. మరి నేను వింటున్నది నిజంగా ఈలేనా? ఉత్తగా అనుకుంటున్నానా? రెండు రోజుల నుంచి నా చెవుల్ని నేనే నమ్మలేకపోతున్నా. ఇన్నాళ్ళూ ఇలాగే గుడ్డిగా ఇనుము ఎత్తానా అని నిద్ర పట్టడం లేదు. నాకు భయమేస్తోందక్కా."

అక్క "కాస్త కూర్చోండి" అని లోపలికొచ్చింది. ఎందుకొచ్చిందో తనకే తెలియదు. ఫైల్లోంచి అతని కాగితం తీసింది. పదకొండూ ఇరవైకి మొదలు, పదకొండూ నలభైకి ముగింపు అని పైన తన చేతిరాతే. దాని పక్కన తన చేపల కాగితం పెట్టింది. గురువారం. పదకొండూ ఇరవై ఆరు, పెట్టె. ఇరవై తొమ్మిది, పెట్టె. ముప్ఫై రెండు, ముప్ఫై మూడు, ముప్ఫై ఏడు, పెట్టె, పెట్టె, పెట్టె. అదీ తన చేతిరాతే. అదే పెన్ను.

అక్క పై ప్రాణాలు పైనే పోయాయి. దీపం వెలగలేదని ఎవరన్నారు? వెలిగి ఆరిపోయి ఉంటుంది. తను చూసిందెక్కడ? మెట్ల దగ్గరికి వెళ్ళి, "సోమవారం పొద్దున రండి, మళ్ళీ చేద్దాం" అని మాత్రం అనగలిగింది. తప్పు నాది అని మాత్రం ఒప్పుకోలేదు. ఆ పిరికితనానికి సాయంత్రం దాకా తనని తనే తిట్టుకుంది.

ఇంటికెళ్ళి చెప్పులు విప్పకుండానే బాల్కనీ తలుపు తోసింది. భర్త తలెత్తి చూశాడు. మూడేళ్ళుగా మొగుణ్ణి బోనులో నిలబెట్టిన మనిషి గుమ్మం పట్టుకుని అంతా చెప్పేసింది: ఆట, కాగితాలు, తాళాలు, బాణాలు, మెట్ల మీద కూర్చున్న మనిషి. వెనక అత్తగారు వచ్చి నిలబడ్డా ఆపలేదు.

ఆయన కోప్పడలేదు. ఒక్కటే అడిగాడు. "పెట్టె మూడోసారి ఊగేటప్పుడు ఊపిరి బిగబడుతున్నావా?"

అక్క తలూపింది. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మీ వల్లే!" అని అరిచింది అక్క. "మీరు ఇక్కడ కూర్చుని రోజూ ఆడకపోతే నేనెందుకు దాని జోలికి వెళ్తాను? నిన్న ఆడలేదూ? మొన్న ఆడలేదూ?"

ఆయన జేబులో చెయ్యి పెట్టి ఫోను తీసి చూపించాడు. పాత బటన్ ఫోను.

"పెద్దది ఓనరుకి ఇచ్చేసి పద్దెనిమిది రోజులైంది. తాళాలు కొనమని అడిగింది ఆ ఆట. నా వేలు వెళ్ళిందే. ముక్క ఎత్తడానికి ఎలా వెళ్ళేదో అలాగే వెళ్ళింది. ముచ్చెమటలు పోశాయి. మర్నాడు పొద్దున్నే ఇచ్చేశా."

"మరి నాకు చెప్పలేదేం?"

"అడుగుతావని చూశా. నన్ను చూస్తేనే మొహం తిప్పుకుంటుంటే ఎక్కడ మొదలుపెట్టను?"

"అబద్ధం" అంది అక్క. "నిన్న సాయంత్రం నేను విన్నాను. నా చెవులతో విన్నాను. టక్, టక్, టక్. తర్వాత మూత."

"నిన్న సాయంత్రం వాడు నా కళ్ళజోడు పుల్ల బిగించాడే" అంది అత్తగారు మెల్లిగా. "నేను పక్కనే కూర్చున్నాను. ఇక్కడ చీమ చిటుక్కుమనలేదు తల్లీ."

అక్క అక్కడే కింద కూలబడింది. ఫోను సంచీలోంచి తీసి భర్త వైపు చాచింది. ఆయన దాన్ని ముట్టుకోవడానికి కూడా భయపడి, "అమ్మా, నువ్వు పట్టుకో" అని తల్లి వైపు తిరిగాడు.

సోమవారం పొద్దున భర్త షాపుకి సెలవు పెట్టి వెంట వచ్చాడు. డాక్టరుగారికి అక్క రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించింది. ఆయన కోపం ఆపుకోలేకపోయారు. "రేపు ఇలాగే చెవిటివాడికి బాగా వినపడుతోందని రాస్తే? కింద నిలబడ్డవాడి ప్రాణం పోతే? నీ కాగితమని కళ్ళు మూసుకుని సంతకం పెట్టాను చూడు, నన్ననాలి ముందు!"

క్రేన్ డ్రైవర్ని ఆయనే స్వయంగా పరీక్షించారు. ప్రతి కూతకీ దీపం వెలిగింది, ఒక్కటి తప్పలేదు. డాక్టరుగారు గోదాముకి ఫోను చేసి, తప్పు క్లినిక్‌దని చెప్పి, కొత్త కాగితం రాసిచ్చారు. అక్క చేతులు జోడించి, ఒళ్ళో ఏం పెట్టుకుని పరీక్ష చేసిందో అతనికి చెప్పింది. ఆ మనిషి ఈసారి హాస్యమాడలేదు.

"నాలుగు రోజులు మా ఆవిడ పెదాలు చూసి మాట పోల్చుకున్నానక్కా" అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

అక్క తన బల్ల సొరుగు తాళంచెవి తీసి డాక్టరుగారి ముందు పెట్టింది. ఆయన దాన్ని తీసుకున్నారు. నేను చెప్పేదాకా యంత్రం ముట్టుకోవద్దు, బయట చీటీలు రాయి అన్నారు. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి అడిగారు. "లేని చప్పుడు వినపడిందన్నావే, రా, లోపల కూర్చో. చూద్దాం."

పదహారేళ్ళలో అక్క ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. తలుపు మూసుకుంది. లోకమంతా ఆగిపోయినట్టయింది. తన గుండె కొట్టుకోవడం తనకే వినపడింది. గాజు కిటికీలోంచి యంత్రం ముందు డాక్టరుగారు, ఆయన వెనక భర్త. సన్నటి కూత వచ్చింది, నొక్కింది. ఇంకోటి, నొక్కింది. తర్వాత ఏమీ రాలేదు. కాసేపు. ఇంకాసేపు. తెలియకుండానే ముందుకి వంగింది. వస్తుంది, ఇప్పుడే వస్తుంది. ఊపిరి బిగబట్టింది.

టక్. టక్. టక్. కిర్రు.

బొటనవేలు దానంతట అదే నొక్కేసింది.

గాజు అవతల డాక్టరుగారు రెండు చేతులూ పైకెత్తి చూపించారు. ఆ చేతులు యంత్రం మీద లేవు. భర్త మాత్రం ఆకుపచ్చ దీపం వంకే చూస్తున్నాడు.

ఆయనే వచ్చి తలుపు తీశాడు. కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అక్క చేతిలోంచి బటన్ తీసుకున్నాడు.

"ఏమీ పంపలేదా?" అంది అక్క.

"లేదు." ఆయన గొంతు తగ్గించాడు. "నాకు పేక కలిపే చప్పుడు వినపడుతుంది. మూడేళ్ళైనా. బండి కింద పడుకుని బోల్టు బిగిస్తుంటే చెవి పక్కనే కలుపుతారెవరో. ఎవరికీ చెప్పలేదు, పిచ్చనుకుంటారని."

అక్కకి ఏడుపొచ్చింది. అలవాటు కొద్దీ, పేషెంటుని అడిగినట్టే అడిగింది. "ఎంతసేపటికి ఒకసారి వస్తుంది?"

"అదే తెలిస్తే భయమెందుకే?" అన్నాడాయన.

ఇద్దరూ ఆ నల్ల స్పాంజి గదిలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. డాక్టరుగారు తలుపు వెయ్యకుండా తెరిచే ఉంచారు.